ఆ ఆవలింతని కత్తిరించకండి

1969 జనవరి 7, మంగళవారం. లండన్ శివార్లలో ట్విక్నమ్ ఫిల్మ్ స్టూడియో. అది సినిమా షూటింగుల ఫ్లోరు, పాటలు కట్టుకునే చోటు కాదు. గోడలు ఎక్కడో ఉంటాయి, పైకప్పు ఎక్కడో ఉంటుంది, మధ్యలో నాలుగు కుర్చీలూ ఒక డ్రమ్స్ సెట్టూ. బీటిల్స్ అనే ఇంగ్లీషు పాటల బృందంలోని నలుగురిలో జాన్ లెనన్ ఇంకా రాలేదు. పాల్ మెకార్ట్నీ ఒళ్లో బేస్ గిటారు పెట్టుకుని, దాన్ని మామూలు గిటారులా గీకుతున్నాడు. ఎదురుగా జార్జ్ హారిసన్, పక్కన రింగో స్టార్. పాల్ నోట్లోంచి వచ్చేవి మాటలు కావు, ఊరికే కూతలు. ఒకటే స్వరం చుట్టూ తిరుగుతున్నాడు, తప్పుతున్నాడు, మళ్ళీ మొదటికొస్తున్నాడు. జార్జ్ నోరంతా తెరిచి ఆవలించాడు. రింగో కన్నార్పకుండా చూస్తున్నాడు. ఇంకాసేపటికి ఆ కూతల్లోంచి ఏదో ఒక మెలిక పైకి లేచింది. దాన్నే పట్టుకుని పాల్ ఇంకో నాలుగుసార్లు తిప్పాడు. జార్జ్ గిటారు దగ్గరికి లాక్కున్నాడు. రింగో చప్పట్లతో తాళం అందుకున్నాడు. జాన్ వచ్చి, గిటారు తీసుకుని, అందులో కలిసిపోయాడు.

మనకి తెలిసిన 'గెట్ బ్యాక్' పాట పుట్టుక అది. ఆ ఏడాదే అది బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ మొదటి స్థానానికి వెళ్ళింది. మొత్తం రెండు నిమిషాల చిల్లర సంగతి. నేను దాన్ని ఇప్పటికి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చూసినప్పుడల్లా నా కళ్ళు పాల్ మీద కంటే జార్జ్ మీదే ఎక్కువ నిలుస్తాయి. ప్రపంచమంతా పాడబోయే పాట తన ముందే పుడుతోంది, అతనికి నిద్రొస్తోంది.

ఆ దృశ్యం ఉన్న డాక్యుమెంటరీ, దర్శకుడు పీటర్ జాక్సన్ తీర్చిదిద్దిన 'ద బీటిల్స్: గెట్ బ్యాక్', 2021 నవంబరులో మూడు రోజులు మూడు భాగాలుగా డిస్నీ ప్లస్‌లో వచ్చింది. మొత్తం దాదాపు ఎనిమిది గంటలు. 'లెట్ ఇట్ బీ' ఆల్బమ్‌లో చేరిన పాటల కోసం ఆ నలుగురూ 1969 జనవరి నెలంతా పడిన పాట్లు అందులో ఉన్నాయి. అప్పట్లో మైకేల్ లిండ్సే-హాగ్ అనే దర్శకుడు తీయించిన 60 గంటల ఫిల్మూ, 150 గంటల శబ్దమూ యాభై ఏళ్ళకి పైగా దాచి ఉంటే, వాటిని బయటికి తీసి చేసిన పని ఇది.

నా స్నేహితుల్లో దీన్ని పూర్తిగా చూసినవాళ్ళు తక్కువ. మొదటి భాగం సగంలో వదిలేసినవాళ్ళే ఎక్కువ. "సాగదీశాడు", "రెండు గంటల్లో తేల్చెయ్యాల్సింది", "పాట మొదలెడతారు, ఆపేస్తారు, టీ తాగుతారు, ఇదేం డాక్యుమెంటరీ" అన్నారు. పాటల మీద నిజమైన ప్రేమ ఉన్నవాళ్ళే ఈ మాటలన్నారు కాబట్టి కొట్టిపారెయ్యబుద్ధి కాలేదు. చాలా రోజులు ఆలోచించాను. వాళ్ళు చెప్పింది తప్పని ఇప్పుడు గట్టిగా అనుకుంటున్నాను. రెండు గంటలకి కుదిస్తే పోయేది ఆ ఆవలింతే. ఆ ఆవలింత పోతే అసలు విషయమే పోయినట్టు.

గొప్ప ఆల్బమ్‌లు ఎలా తయారయ్యాయో చెప్పే డాక్యుమెంటరీలు చాలా ఉన్నాయి. వాటి తీరు మనకి బాగా తెలుసు. ముప్ఫై ఏళ్ళ తర్వాత తల నెరిసిన గాయకుడు సోఫాలో కూచుని గుర్తు చేసుకుంటాడు. ఇంజనీరు మిక్సింగ్ బోర్డు మీద మీటలు ఒక్కొక్కటే తగ్గించి, "ఇదిగో వినండి, ఇది ఒక్కటే" అని గొంతు వేరుగా వినిపిస్తాడు. "ఆ రాత్రి ఏదో జరిగింది" అంటారు. నాకు అవీ ఇష్టమే, ఆ మీటలు తగ్గించే చోట నాకూ ఒళ్ళు జలదరిస్తుంది. కానీ వాళ్ళు చెప్పేది జ్ఞాపకం. జ్ఞాపకం చేతికందినదాన్నల్లా నున్నగా చేసి పెడుతుంది. మూడు వారాల విసుగు అందులో మూడు సెకన్లకి కుంచించుకుపోతుంది. ఫలించిన ఆ ఒక్క క్షణం మాత్రం కొండంత అయి కూచుంటుంది. విన్నవాడికి పాటంటే మెరుపులా తట్టాల్సిందే అనిపిస్తుంది. సరస్వతీ కటాక్షం అనే మాట మన దగ్గర ఎలాగూ సిద్ధంగా ఉంది.

ఇంత పట్టుదలగా వాదించడానికి ఒక సొంత కారణం కూడా ఉంది.

మా నాన్న పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవారు. తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో నాటకం ఉందంటే, నెల ముందు నుంచే రాత్రిళ్ళు మా ఊరి స్కూలు వరండాలో రిహార్సల్స్. నేను ఎనిమిదో ఏట నుంచి ఆయన పక్కన చాప మీద కూచునేవాణ్ణి. కృష్ణుడి వేషం వేసే ఆయన గేదె పాలు పితికి వచ్చేసరికి ఎనిమిదిన్నర. శృతి కుదరడానికి అరగంట. పద్యం చివర రాగం తీసేచోట గొంతు ఎక్కడ నిలపాలన్న దాని మీద ఇద్దరికి పడేది కాదు. ఆ ఒక్క సంగతి కోసం పదకొండు దాకా వాదించుకుని, బీడీలు కాల్చుకుని, మళ్ళీ మొదలెట్టేవాళ్ళు. నాన్న ఏమీ అనేవారు కాదు. ఎడమచేత్తో నెమ్మదిగా తిత్తి ఊదుతూ ఒకే మెట్టు మీద వేలుంచి కూచునేవారు. ఒక్కోసారి ఒక రీడు మూగబోయేది. మూత తీసి, సిగరెట్టు పెట్టెలోని పల్చటి కాగితం ముక్క చింపి, రీడు నాలిక కిందకి జొనిపి, మెల్లగా లాగేవారు. దానితోపాటు ఇంత దుమ్ము వచ్చేది. మళ్ళీ వేలు పెట్టి, చెవి వంచి వినేవారు.

ఆ నాటకాల్లో ఒకదాని క్యాసెట్టు మా ఇంట్లో ఉంది. స్టేజీ మీద ఆడినది. అందులో పద్యాలున్నాయి, వన్స్ మోర్లున్నాయి, ఈలలున్నాయి. నాన్న వాయిద్యం కూడా ఉంది. నాన్న మాత్రం లేరు. ఆయన ఉన్నది వరండాలో, రీడు కింద కాగితం పెట్టి లాగిన ఆ నిశ్శబ్దంలో. దాన్ని ఎవరూ రికార్డు చెయ్యలేదు. ఎందుకు చేస్తారు? క్యాసెట్టు ఖరీదు, పైగా అక్కడ ఏం జరుగుతోందని? జాక్సన్ సినిమా మొదటి భాగం చూస్తుంటే నాకు అర్థమైంది ఏమిటంటే, ఎవరో ఒకరు ఆ "ఏమీ జరగని" గంటల్ని డబ్బు పోసి, టేపు ఆపకుండా పట్టి ఉంచారు. ఇంకే గొప్ప ఆల్బమ్‌కీ ఇంత వివరంగా ఈ భాగ్యం దక్కడం నేను చూడలేదు.

మన సినిమా పరిశ్రమలో దీనికో చక్కటి మాట ఉంది, సిట్టింగ్. సంగీత దర్శకుడు, దర్శకుడు, పాట రాసేవాడు కలిసి కూచుంటే అది మ్యూజిక్ సిట్టింగ్. పాట కుదిరినా కుదరకపోయినా కూచోవడమే పని అని ఆ మాటలోనే తెలుస్తుంది. బాణీ ముందు వచ్చి సాహిత్యం తర్వాత రావాల్సినప్పుడు ఏవో డమ్మీ పదాలు వేసి పాడుకోవడం కూడా మనకి కొత్త కాదు. ఈ సినిమాలో జార్జ్ తన 'సమ్‌థింగ్' పాట పట్టుకుని తంటాలు పడుతుంటాడు. ఆమెలోని ఏదో ఒకటి నన్ను లాగుతోంది, దేనిలాగా? ఆర్నెల్లుగా ఆ ఒక్క ఉపమానం దొరకడం లేదంటాడు. జాన్ సలహా ఏమిటంటే, నోటికేదొస్తే అది వేసేసుకో, 'కాలీఫ్లవర్‌లా' అని పాడుకో, అసలు మాట దొరికేదాకా అలాగే పాడుతుండు. జార్జ్ దానిమ్మపండు వేసి పాడతాడు. అప్పటికి అతని వయసు 25. ఆ పాట ఆ ఏడాది సెప్టెంబరులో 'ఆబీ రోడ్' ఆల్బమ్‌లో వచ్చింది. విన్నవాళ్ళెవరికీ అందులో ఒకనాడు కూరగాయ ఉండేదని తెలిసే అవకాశమే లేదు.

నిడివి ఎందుకు కావాలో జార్జ్ విషయంలోనే నాకు బాగా తెలిసొచ్చింది. జనవరి 6న పాల్‌తో అతనికి మాటా మాటా వస్తుంది. నువ్వు ఎలా వాయించమంటే అలా వాయిస్తాను, వద్దంటే అసలు వాయించను అంటాడు జార్జ్, గొంతు ఏమాత్రం పెంచకుండా. ఇది లిండ్సే-హాగ్ ఇదే ఫుటేజీతో 1970లో తెచ్చిన పాత సినిమాలో కూడా ఉంది, అందుకే అందరికీ తెలుసు. కానీ జనవరి 10న అతను గ్రూపు వదిలి వెళ్ళిపోవడం ఆ సినిమాలో లేదు. జాక్సన్ దాన్ని చూపించాడు, అంతకంటే ముఖ్యంగా, దానికి ముందు రోజుల్ని చూపించాడు. జార్జ్ 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్' తెస్తాడు. వాయిస్తారు, మళ్ళీ వాయిస్తారు, మనసు పెట్టి మాత్రం కాదు. రాత్రి కూచుని రాశానని 'ఐ మీ మైన్' తెస్తాడు. జాన్ హాస్యమాడతాడు, తర్వాత తన ప్రియురాలు యోకో ఓనోతో కలిసి ఆ పాటకి వాల్ట్జ్ నాట్యం చేస్తాడు. ఎవరూ దుర్మార్గులు కాదు. ఇంట్లో చిన్నవాడి మాట ఎవరికీ సరిగ్గా వినపడదు, అంతే. గంటల తరబడి ఆ సగం చెవి వినికిడిని మనం కూడా భరిస్తాం కాబట్టి, మధ్యాహ్నం భోజనాల వేళ అతను వెళ్ళిపోతానన్నప్పుడు ఆశ్చర్యం కలగదు. ఇంకా ముందే ఎందుకు వెళ్ళలేదా అనిపిస్తుంది. కుదించిన సినిమాలో దీన్ని "విభేదాలు" అనే ఒక్క మాటతో సరిపెడతారు. ఆ మాట అబద్ధం కాకపోవచ్చు, కానీ దానితో మనకి తెలిసేది మాత్రం ఏమీ లేదు.

యోకో ఓనో సంగతీ అంతే. అన్నదమ్ములు విడిపోతే కొత్తగా వచ్చిన కోడలే చిచ్చు పెట్టిందనడం మన ఊళ్ళలోనే అనుకున్నాను, ప్రపంచమంతా అదే పాట. యాభై ఏళ్ళు ఆమెని ఆడిపోసుకున్నారు. ఈ ఎనిమిది గంటల్లో ఆమె ఏం చేస్తుందయ్యా అంటే, జాన్ పక్కన కూచుంటుంది. పేపరు చదువుకుంటుంది. ఏదో తింటుంది. యాభై ఏళ్ళ తర్వాత "యోకో ఆంప్ (గిటారు శబ్దం పెంచే పెట్టె) మీద కూచుందని వాళ్ళు విడిపోయారట" అని చెప్పుకుంటే ఎంత నవ్వులాటగా ఉంటుందో అని అప్పుడే, ఆ గదిలోనే పాల్ అంటాడు. అన్నది జనవరి 13న. అదే రోజు జార్జ్ రాలేదు, జాన్ ఫోనుకి దొరకడం లేదు. పాల్, రింగో మిగిలారు. "ఇక ఇద్దరే మిగిలారు" అంటాడు పాల్ మెల్లగా, ఎటో చూస్తూ. కెమెరా అలాగే ఉండిపోతుంది. అతని కళ్ళలో నీళ్ళు నిండుతాయి, కిందకి జారవు. అప్పటికి 26 ఏళ్ళవాడు. మేనేజరు బ్రయన్ ఎప్‌స్టైన్ 1967లో చనిపోయాక ఈ సంసారాన్ని తానే లాక్కొస్తున్నాననుకుంటున్న కుర్రాడు. ఆ మౌనాన్ని ఎక్కడ కత్తిరిస్తారు? ఎన్ని సెకన్లు ఉంచితే చాలంటారు?

జాక్సన్ చేసిందంతా నాకు నచ్చిందని కాదు. ఆ రోజే జాన్ వచ్చాక, జాన్, పాల్ భోజనాల గదిలో జార్జ్ గురించి మాట్లాడుకుంటారు. అక్కడ పూలకుండీలో మైకు దాచిపెట్టారు, వాళ్ళకి తెలియదు. బొమ్మ లేదు, మాటలే. జార్జ్‌ని తాము ఎలా నిర్లక్ష్యం చేశారో ఇద్దరూ ఒప్పుకునే ఆ సంభాషణ సినిమాలో అన్నిటికంటే విలువైనది కావచ్చు. అయినా వింటున్నంతసేపూ తలుపుకి చెవి ఆనించి నిలబడ్డట్టు ఇబ్బందిగా ఉంది నాకు. ఇంకోటి, మైకులకి అందకూడదనుకున్నప్పుడు వాళ్ళు గిటార్లు గట్టిగా వాయిస్తూ ఆ చప్పుడు చాటున మాట్లాడుకునేవాళ్ళట. జాక్సన్ బృందం మెషీన్ లర్నింగ్‌తో ఆ గిటార్ల మోతని తీసేసి కింద ఉన్న మాటల్ని బయటికి లాగింది. పాత టేపులో కలిసిపోయిన గొంతునీ వాయిద్యాన్నీ విడదీసే ఈ పద్ధతితోనే 2023లో జాన్ పాత క్యాసెట్టులోంచి అతని గొంతు తీసి 'నౌ అండ్ దెన్' పూర్తి చేశారు. విద్యగా అది అద్భుతం. కానీ కావాలని కప్పుకున్న దుప్పటిని లాగేసినట్టు కూడా ఉంది. బొమ్మ విషయంలో కూడా నాకో ఫిర్యాదు ఉంది. 16 ఎంఎం ఫిల్ములో ఉండే గరుకుదనాన్ని మరీ నున్నగా తుడిచేశారు. కొన్ని చోట్ల ముఖాలు మైనంతో పోసినట్టున్నాయి.

పైగా, నిడివి ఉన్నంత మాత్రాన అది నిజమైపోదు. 60 గంటల్లోంచి 8 ఏరారంటే అక్కడ కూడా కత్తెర పడింది. లిండ్సే-హాగ్ 1970లో ఇదే ఫుటేజీలోంచి గంటన్నర కూడా లేని సినిమా తీశాడు. అది విడుదలయ్యేసరికి బీటిల్స్ విడిపోయిన వార్త బయటికొచ్చేసింది, దాంతో జనం దాన్ని చావు ఇంటి సినిమాగానే చూశారు. జాక్సన్ నవ్వుల్ని ఎక్కువ ఏరాడు. అయినా జాక్సన్ దగ్గర మనకి ఒక వెసులుబాటు ఉంది. సమయం ఇచ్చాడు కాబట్టి, అతను చెప్పదలుచుకోనివి కూడా మన కంటపడతాయి. వెనక ఎక్కడో పాల్ పియానో మీద 'లెట్ ఇట్ బీ' వెతుక్కుంటుంటే, ముందు నలుగురు నిలబడి వేరే వ్యవహారం మాట్లాడుకుంటుంటారు. ఒక్కడూ వెనక్కి తిరగడు.

'గెట్ బ్యాక్' మాటల సంగతి చెప్పాలి, ఎందుకంటే అది మనవాళ్ళకి తగిలే సంగతి. అప్పట్లో బ్రిటన్‌లో వలస వచ్చినవాళ్ళ మీద విద్వేషం రాజుకుంటోంది. 1968 ఏప్రిల్లో ఈనక్ పవెల్ అనే ఎంపీ వలసలకి వ్యతిరేకంగా బర్మింగ్‌హామ్‌లో చేసిన ప్రసంగం దానికి ఆజ్యం పోసింది. ఆ వాతావరణాన్ని ఎద్దేవా చేస్తూ పాల్ మొదట్లో కొన్ని మాటలు అల్లాడు, పాకిస్తానీలు ఉద్యోగాలు లాక్కుంటున్నారని గోల పెట్టేవాళ్ళ గొంతులో. వ్యంగ్యం ఉద్దేశం మంచిదే అయినా, 'నువ్వొచ్చిన చోటికే తిరిగి పో' అనే ఆ పల్లవి పక్కన ఆ మాటలు పెడితే ఎవరి నోట ఎలా మారుతుందో ఊహించుకోండి. "మీ దేశం పోండి" అనే మాట విన్న తెలుగువాళ్ళు ఈ రోజుకీ ఎన్ని దేశాల్లో ఉన్నారు! ఆ మాటలు రాలిపోయాయి. వాటి చోట జోజో అనే మనిషి వచ్చాడు, అతని ఊరు టూసాన్, అరిజోనా వచ్చాయి. టూసాన్ అరిజోనాలోనేనా అని జాన్ అడిగితే, అవును, ఫలానా టీవీ సీరియల్ అక్కడే తీస్తారు అంటాడు పాల్. నేను ఇంతకుముందు ఆ పాటని ఒక సరదా పాటగానే వినేవాణ్ణి. ఇప్పుడు వింటే, రాకుండా పోయిన మాటలు కూడా వినిపిస్తాయి.

జార్జ్ తిరిగొచ్చాక ట్విక్నమ్ వదిలేసి, లండన్‌లోని సావిల్ రో వీధిలో తమ సొంత ఆపిల్ కంపెనీ భవనం అడుగు అంతస్తుకి మారతారు. 22న బిల్లీ ప్రెస్టన్ అనే అమెరికన్ కీబోర్డు వాద్యకారుడు చూసిపోదామని వస్తాడు. 1962లో హాంబర్గ్‌లో గాయకుడు లిటిల్ రిచర్డ్ వెంట వాయించేటప్పటి పరిచయం. ఎలక్ట్రిక్ పియానో ముందు కూచోబెట్టారు. రెండు మెట్లు నొక్కాడో లేదో నలుగురి ముఖాలూ వెలిగాయి. పరాయి మనిషి ఎదురుగా ఉంటే ఇంట్లోవాళ్ళు మర్యాదగా ఉంటారన్నది ఒక కారణం కావచ్చు. కానీ మూడు వారాల గతుకుల దారి మనం కూడా నడిచి వచ్చాం కాబట్టే, ఆ పియానో మొదటిసారి మోగినప్పుడు మన ప్రాణం కూడా లేచొస్తుంది. 'గెట్ బ్యాక్' సింగిల్ రికార్డు మీద బీటిల్స్ పక్కన బిల్లీ ప్రెస్టన్ పేరు వేశారు.

26న ఆదివారం. రింగో పియానో ముందు కూచుని తనకి వచ్చిన నాలుగు ముక్కల 'ఆక్టోపసెస్ గార్డెన్' వినిపిస్తాడు. తర్వాత ఎటు పోవాలో తెలియక ఆగిపోతాడు. జార్జ్ పక్కకి వచ్చి, ఇటు వెళ్ళు, ఇక్కణ్ణుంచి మళ్ళీ ఇంటికి రా అన్నట్టు దారి చూపిస్తాడు. తన పాటల్ని రెండు వారాల కింద ఎవరూ పట్టించుకోని మనిషి, పక్కవాడి పాట దగ్గర అంత ఓపిగ్గా కూచున్నాడు. నా మటుకు నాకు చివర్లో ఆపిల్ భవనం మేడ మీద వాళ్ళు చేసిన కచేరీ కంటే ఈ ముక్కే పెద్దది.

మేడ కచేరీ గురించి అందరూ రాశారు. జనవరి 30, చలిగాలి, జాన్ ఒంటి మీద యోకో ఫర్ కోటు, రింగో ఒంటి మీద భార్య ఎర్ర రెయిన్‌కోటు, కింద పోలీసులు, పైన 42 నిమిషాలు. నేను చూసింది ఇంకోటి. 'డిగ్ ఎ పోనీ' పాడేటప్పుడు జాన్‌కి మాటలు గుర్తుండవని ఒక కుర్రాడు అతని ముందు మోకాళ్ళ మీద కూచుని పాటల కాగితం పైకి పట్టుకుంటాడు. గాలికి ఎగరకుండా రెండు చేతులా పట్టుకుని, పాట అయ్యేదాకా కదలడు. ఆ రోజు పాడినవాటిలో మూడు ఆల్బమ్‌లోకి వెళ్ళాయి.

పోయిన సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మకి చూపించాను. ఆమెకి ఇంగ్లీషు రాదు, బీటిల్స్ అంటే తెలియదు. చూస్తుందా అని సందేహిస్తూనే నేరుగా జనవరి 7 దగ్గరికి తీసుకెళ్ళాను. పాల్ గీకుతున్నాడు. జార్జ్ ఆవలించాడు.

"ఆ అబ్బాయికి రాత్రి నిద్రలేనట్టుందిరా" అంది. కాసేపాగి, "మీ నాన్న కూడా అంతే ఆవలించేవారు. పన్నెండైనా తెమిలేది కాదుగా. పడుకుంటారేమో అనుకునేలోపు పెట్టె దగ్గరికి లాక్కునేవారు" అంది.

అప్పుడే జార్జ్ గిటారు అందుకున్నాడు.

"అదుగో" అంది అమ్మ. తర్వాత, "ఇంకోసారి పెట్టు" అంది.